వానలో స్థలం చూపించిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బాపట్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలిసింది. ఉదయం పదకొండు దాటింది. నేను కుదిర్చిన స్థలం బేరం, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు అందరూ వచ్చి కూర్చున్నారు. మా వంతు రావడానికి ఇంకా ఇద్దరున్నారు. ఫోన్ మోగితే వరండాలోకి వచ్చాను. తెనాలి నుంచి వదిన, మేనత్త కూతురు.

"అమ్మ వెళ్లిపోయిందే. పొద్దున కాఫీ తాగింది, పేపరు చదువుతానని కూర్చుంది. అంతే" అంది.

వదినే మళ్లీ అడిగింది. "ఎక్కడున్నావు?"

"బాపట్లలో. రిజిస్ట్రేషన్ ఉంది. వదిలేసి బయలుదేరుతున్నా."

"వద్దు. అది పూర్తి చేసుకునే రా. వాళ్లు ఎక్కడెక్కడి నుంచో సెలవు పెట్టుకుని వచ్చుంటారు. మధ్యలో వదిలేసి వచ్చావంటే అమ్మ ఊరుకునేది కాదు."

లోపలికి వెళ్లి కూర్చున్నాను. మా వంతు వచ్చింది. వేలిముద్రలు పడ్డాయి, ఫొటోలు తీశారు. కొన్నావిడ సంతోషంగా నా చేతిలో ఒక లడ్డూ పెట్టింది. ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఆ లడ్డూ కాగితంలో చుట్టుకుని కారెక్కాను. పొన్నూరు దాటేదాకా ఏడుపు రాలేదు.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ తర్వాత వారం రోజులు మనుషులు వస్తూనే ఉన్నారు. మేస్త్రీలు, టీచర్లు, బట్టల షాపుల వాళ్లు, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు. అందరి మాటా ఇంచుమించు ఒకటే. "మా స్థలం ఆవిడే ఇప్పించారండి." కానీ చుండూరు నుంచి ఒకాయన వచ్చాడు. మేము ఎవరమూ ఎరగం. చెప్పులు గుమ్మం బయట విడిచి, దండ వేసి, మా వైపు తిరిగి అన్నాడు. "మా నాన్నని ఒక స్థలం కొననివ్వలేదండి ఆవిడ. తన కమీషన్ తను పోగొట్టుకుని వద్దని చెప్పింది. ఆ స్థలం ఇప్పటికీ కోర్టులో ఉంది. మాకు ఇల్లుంది. అందుకే వచ్చాను."

నలభై ఏళ్లు భూముల వ్యాపారం చేసిన మనిషి ఇంటికి, అమ్మనందుకు దండ తెచ్చిన మనిషిని చూశాక ఆమె గురించి రాయాలనిపించింది.

మాది చీరాల దగ్గర నేత కుటుంబం. మా నాన్నకి ఆమె అక్క. ఎనిమిదో తరగతి అయ్యాక చదువు మాన్పించి తెనాలి సంబంధం చేశారు. మామయ్య బియ్యం మిల్లులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. పెళ్లయిన పదేళ్లకి మిల్లు మూతపడింది. ఆయనకి ఇంకో ఉద్యోగం వెంటనే దొరకలేదు. అప్పుడు మేనత్త ఒంటరిగా చీరాల వచ్చి మా నాన్నని అడిగింది. "తమ్ముడూ, ముప్ఫై చీరలియ్యి. అమ్ముకొస్తా."

నాన్న కంగారు పడ్డాడట. "ఇంటింటికీ తిరుగుతావా? బావ ఏమంటాడు?"

"ఆయన్ని అడిగే వచ్చా. మూట బరువుగా ఉంటుందేమో, బస్టాండు దాకా నేను మోస్తానన్నాడు."

అలా మొదలైంది. తెనాలిలో ఆమెను చాలా కాలం 'చీరల అక్కయ్య' అనేవారు. కొత్తపేట, మారిస్‌పేట, చెంచుపేట వీధులన్నీ ఆమె కాళ్ల కింద నలిగాయి. ఒక ఇంటికి వెళ్తే వెంటనే మూట విప్పేది కాదు. మంచినీళ్లు అడిగి తాగి, కూర్చుని, ఇంట్లో ఏం జరుగుతోందో వినేది. ఎవరి పెళ్లి, ఎవరి సీమంతం, ఏ ఆడపడుచుకు పెట్టాలి. అన్నీ విన్నాక ఇరవై చీరల్లోంచి మూడే బయటికి తీసేది. ఆ మూడింట్లో ఒకటి తప్పకుండా ఆ ఇంట్లో ఉండిపోయేది.

"ఎందుకు కావాలో తెలియకుండా మూట విప్పకు" అని తర్వాత నాకు వందసార్లు చెప్పింది. చీరలు మానేసి భూముల్లోకి వచ్చిన పాతికేళ్ల తర్వాత కూడా ఆమె అదే మాట అనేది. మూట అనే అనేది.

భూముల్లోకి ఎలా వచ్చిందంటే, చీరల వల్లే. కొత్తపేటలో రిటైరైన ఒక హెడ్మిస్ట్రెస్ గారు ఒంటరిగా ఉండేవారు. ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాలని ఆవిడ ఆలోచన. వచ్చిన బ్రోకర్లందరూ ఇల్లు పాతబడిపోయింది, పడగొట్టడమే, స్థలానికే ధర అన్నారు. ఆవిడ ఆ మాటకి నొచ్చుకుని అమ్మకం మానేశారు. మేనత్త చీరలు చూపించడానికి వెళ్లినప్పుడు ఆ బాధంతా చెప్పుకున్నారు. సరిగ్గా అదే వారంలో మారిస్‌పేటలో ఒక టైలర్ ఇంట్లో ఇంకో బాధ విని ఉంది మేనత్త. వాళ్ల నాన్నకి పక్షవాతం. అద్దె ఇల్లు మేడ మీద. మెట్లు లేని ఇల్లు, నుయ్యి ఉన్న పెరడు ఎక్కడైనా దొరికితే చాలు, పాతదైనా ఫరవాలేదు అని ఆ టైలర్ భార్య అంది.

మేనత్త ఆ భార్యాభర్తల్ని తీసుకెళ్లి హెడ్మిస్ట్రెస్ గారి వరండాలో కూర్చోబెట్టింది. బేరం గంటలో తెగింది. ఇల్లు పడగొట్టరన్న ఒక్క మాట ఆవిడకి చాలింది. పని అయ్యాక ఆవిడ మేనత్త చేతిలో ఒక కవరు పెట్టబోయారు. మేనత్త వద్దంది.

"నేనేం చేశానండీ, ఇద్దరినీ కలిపాను" అంది.

"చూడమ్మాయ్, నువ్వొక పని చేశావు. ఎవరూ చెయ్యలేని పని చేశావు. ఇది తీసుకోకపోతే రేపటి నుంచి దీన్ని నువ్వు కూడా పని అనుకోవు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. తను చేసింది ఉపకారం అనుకుంది. దానికి వ్యాపారం అని పేరు పెట్టింది ఆ టీచర్ గారే. "ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చా. రిక్షా ఎక్కబుద్ధి కాలేదు. నాకో పని ఉంది అని అనుకుంటూ నడిచా" అని చెప్పేది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చునే బ్రోకర్లకి ఇదంతా వేళాకోళంగా ఉండేది. చీరలమ్ముకునే ఆవిడకి సర్వే నంబరంటే ఏంటో తెలుసా అని ఆమె వినేలా అన్నారు. నిజానికి ఆమెకి తెలియదు. తెలియదని ఒప్పుకుని, చుండూరులో ఉండే ఒక రిటైర్డ్ సర్వేయర్ గారింటికి వెళ్లి, నాకు నేర్పించండి అని అడిగింది. రెండు నెలలు, వారానికి మూడు రోజులు బస్సులో వెళ్లి వచ్చింది. పటం చదవడం, కొలత గొలుసు పట్టడం, పాత దస్తావేజుల్లో హద్దులు ఎలా రాస్తారో, ఎక్కడ మోసం దాక్కుంటుందో నేర్చుకుంది. ఆ తర్వాత పదేళ్లకి అదే టీ కొట్టు దగ్గర అదే బ్రోకర్లు కాగితాలు పట్టుకుని నిలబడేవారు. "అక్కయ్యగారూ, ఒక్కసారి ఇది చూసి పెట్టండి." చూసి పెట్టేది. ఒకప్పటి మాట ఎవరికీ గుర్తు చేసేది కాదు. టీ మాత్రం వాళ్ల చేతే ఇప్పించుకునేది.

స్థలం చూడటంలో ఆమెకి కొన్ని పద్ధతులుండేవి. కారు స్థలం దాకా తీసుకెళ్లనిచ్చేది కాదు. మెయిన్ రోడ్డు మీద ఆపి అక్కడి నుంచి నడిపించేది. "రేపు స్కూలు పిల్లలు నడిచే దూరం. వీళ్లూ నడవాలిగా" అనేది. ఇంటావిడ రాకపోతే చూపించేది కాదు. చుట్టుపక్కల బోరు ఎక్కడుందో వెతికి, దోసిట్లో నీళ్లు పట్టుకుని నోట్లో పోసుకునేది. మా ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. బాపట్ల ఇసుక నేలల్లో పది అడుగులకే తియ్యటి నీళ్లు పడతాయి. రేపల్లె దాటి సముద్రం వైపు పోయేకొద్దీ కొన్నిచోట్ల నోట్లో పెట్టలేం. కొనేవాళ్లు స్థలం తూర్పు ముఖమా అని అడుగుతుంటే ఆమె పుక్కిలించి ఉమ్మి, "ఉప్పగా ఉన్నాయండి. తాగే నీళ్లు కొనుక్కోవాలి. ఆలోచించుకోండి" అని చెప్పేది. పక్కన నిలబడ్డ అమ్మేవాడి ముఖం మాడిపోయేది.

ఇవాళ కొనకపోతే రేపు ఉండదు అనే మాట మా ఆఫీసులో నిషేధం. రాజధాని మా దగ్గర్లోనే వస్తుందన్న మాట వచ్చిన రోజుల్లో తెనాలి చుట్టూ ప్రతివాడూ అదే మాట మీద బతికాడు. అప్పుడే నేను గుంటూరులో ఎంబీఏ పూర్తి చేసి ఆమె దగ్గర చేరాను. నాకు అంతా తెలుసనుకునేదాన్ని.

చేరిన మూడో నెలలో నా మొదటి బేరం. రైల్వేలో రిటైరైన ఒకాయన, భార్య. బాపట్ల ఊరి బయట స్థలం. నేను సముద్రపు గాలి గురించి, రాబోయే రోడ్డు గురించి గలగలా మాట్లాడాను. ఆయన సంతోషపడ్డాడు. సరే కొంటామన్నారు. నేను ఆఫీసుకొచ్చి గొప్పగా చెప్పాను.

మేనత్త కళ్లజోడు పైకి తోసుకుని అడిగింది. "స్థలంలోకి వెళ్లే దారి ఎవరిది?"

"పక్క రైతుదత్తా. ఇప్పుడు అందరూ అందులోంచే నడుస్తున్నారు. తర్వాత వస్తుందిలే రోడ్డు."

"వాళ్లకి చెప్పావా?"

"వాళ్లు అడగలేదు."

"అడగలేదు సరే. నువ్వు చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కోప్పడలేదు. బీరువాలోంచి గొడుగు తీసింది. "పద. ఇప్పుడే వెళ్లి చెప్పొద్దాం. నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటా."

వెళ్లాం. ఆ పెద్దాయన ఇంట్లో సోఫా అంచున కూర్చుని, ఆ దారి ఇంకొకరిదనీ, ఆ రైతు రేపు కంచె వేస్తే వీళ్లకి దారి ఉండదనీ చెప్పాను. పెద్దాయన నా వైపు తిరిగాడు. "సముద్రపు గాలి గురించి అంతసేపు చెప్పావు కదమ్మా" అన్నాడు. అంతే. కొనలేదు. బయటికొచ్చాక బస్టాపులో నిలబడి ఏడ్చాను.

"ఆయన కొననందుకు ఏడుస్తున్నావా? చెప్పాల్సి వచ్చినందుకా?" అని అడిగింది.

"చెప్పాల్సి వచ్చినందుకు."

"అయితే సరే" అని బస్సు కోసం రోడ్డు వైపు చూసింది. ఓదార్చలేదు. ఎప్పుడూ ఓదార్చేది కాదు. మెచ్చుకోవడమూ తక్కువే. అది ఆమెలో నాకు నచ్చని గుణం. కానీ ఆ తర్వాత ఏ స్థలం గురించైనా ముందు చెడ్డ మాట చెప్పి తర్వాత మంచి మాట చెప్పడం నాకు అలవాటైంది. విచిత్రంగా అమ్మకాలు దానివల్ల తగ్గలేదు. చెడ్డది ముందే విన్నవాళ్లు మంచి మాటని నమ్ముతారు. ఎంబీఏలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక రేపల్లె సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

రేపల్లె శివార్లలో ఎనిమిదెకరాల వెంచర్ వేసింది మేనత్త. ఆ పొలం ఒక పెద్ద రైతుది. ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన ఆమెను చెల్లెమ్మా అనేవాడు. ఇద్దరూ భాగస్వాములు. అప్పటిదాకా ఆమె ఒకరి స్థలం ఒకరికి ఇప్పించడమే. సొంతంగా లేఅవుట్ వెయ్యడం అదే మొదలు. అరవై రెండు ప్లాట్లు. రోడ్లు వేశారు, హద్దు రాళ్లు పాతారు. ముప్ఫై మంది అడ్వాన్సులిచ్చి అగ్రిమెంట్లు రాసుకున్నారు. రిజిస్ట్రేషన్లు మొదలు కావాలి.

ఎప్పుడూ ఏ పొలం చూసినా ఆమె చుట్టుపక్కల కూలిపనికి వచ్చే ఆడవాళ్లని అడిగేది, వానాకాలంలో ఇక్కడ ఎంత నీరు నిలుస్తుంది అని. ఈ పొలానికి మాత్రం అడగలేదు. వేసవిలో చూసింది. అందరూ పరుగెడుతున్న రోజులు. అన్నయ్యగారు నీళ్లు నిలవవన్నాడు, ఆ మాట చాలనుకుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. వరికి అడుగు నీళ్లు నిలవడం ఆయన లెక్కలో నీళ్లు నిలవడం కాదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మురుగు కాలువ ఎగదన్నింది. వెంచర్‌లో పడమటి సగం మోకాటి లోతు నీళ్లలో మునిగింది. హద్దు రాళ్లు కనిపించలేదు. మేమిద్దరం వెళ్లేసరికి అన్నయ్యగారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, కంగారు పడకు. పది రోజుల్లో లాగేస్తాయి. ఎవరూ ఇటు రాలేదు. వేసవికల్లా ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఈలోగా రిజిస్ట్రేషన్లు కానిచ్చేద్దాం" అన్నాడు.

మేనత్త నీళ్ల వైపే చూస్తోంది. "అన్నయ్యగారూ, ఇక్కడ మీ అమ్మాయికి ఇల్లు కట్టిస్తారా?" అని అడిగింది.

ఆయన గొడుగు మార్చి పట్టుకుని నీళ్ల వైపు తిరిగాడు.

ఆఫీసుకి వచ్చాక నాతో ముప్ఫై మందికీ ఫోన్లు చేయించింది. ఆదివారం పొద్దున అందరూ కుటుంబాలతో రావాలి, స్థలం చూపిస్తాం అని. చూశాం కదండీ అన్నారు చాలామంది. ఇంకోసారి చూడాలి అని చెప్పమంది. తెనాలి వాళ్ల కోసం బస్సు మాట్లాడింది. నేను భయపడ్డాను. "అత్తా, నీళ్లు తీశాక చూపిద్దాం. మట్టి పోయించి మెరక తోలిస్తాం అని చెప్పి చూపిద్దాం" అన్నాను.

"నీళ్లు తీశాక చూస్తే వాళ్లు నా మాట చూస్తారు. నీళ్లుండగా చూస్తే స్థలాన్ని చూస్తారు" అంది.

ఆదివారం కూడా వాన పడుతూనే ఉంది. బస్సు దిగినవాళ్లు గొడుగుల కింద గుంపుగా నిలబడిపోయారు. ఎవరో పైకే అన్నారు, మోసం అని. మేనత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. నీళ్లలోకి దిగి, ప్లాట్ల పటం మనసులోనే ఉంది కాబట్టి, ఒక్కో చోట ఆగి నంబరు చెప్పింది. "ఇది పద్నాలుగు. మీది మాస్టారూ. ఇది పదిహేను. మీదమ్మా." అలా పడమటి సగమంతా తిరిగి, మోకాళ్ల దాకా బురదతో గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"తప్పు నాదండి. వానాకాలం చూడకుండా వెంచర్ వేశాను. ఎవరిమీదా తోయను. వద్దన్నవాళ్లకి అడ్వాన్సు మొత్తం వచ్చే నెల్లోగా ఇచ్చేస్తాను. ఉంటామన్నవాళ్లకి మాట ఇస్తున్నా. మెరక తోలించి, నీళ్లు పోయేలా కాలువ తూము పెద్దది చేయించి, ఇంకో వానాకాలం మీ కళ్లతో చూశాకే రిజిస్ట్రేషన్. అప్పటిదాకా సంతకం పెట్టమని అడగను" అంది.

అందరి వెనకాల అడవులదీవి నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఎండు చేపల వ్యాపారం చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లల్ని రేపల్లెలో చదివించాలని అక్కడ ప్లాటు తీసుకుంది. ఆవిడ ముందుకొచ్చింది.

"అక్కా, నీళ్లంటే నాకు భయం లేదు. సముద్రం పక్కనే పుట్టా. నాకు చెప్పకుండా దాచేవాళ్లంటేనే భయం. మా ఊళ్లో స్థలం కొన్నప్పుడు అట్టాగే మునిగిపోయా. నువ్వు పిలిచి చూపించావు. నేనుంటా" అంది.

ఆ రోజు పదకొండు మంది వద్దన్నారు. పంతొమ్మిది మంది ఉన్నారు. వద్దన్న పదకొండు మందికీ చెప్పిన గడువులోగా ఇచ్చేసింది. ఎలా ఇచ్చిందో నాకు తర్వాత తెలిసింది. తెనాలిలో మామయ్య వాళ్ల నాన్న కట్టించిన ఇల్లు అమ్మేసింది.

ఆ మాట గర్వంగా రాయడం తేలిక. కానీ ఇల్లు ఖాళీ చేసిన రోజు నేనక్కడే ఉన్నాను. మామయ్య సామాను సర్దడానికి సాయం చేశాడు, కాగితాల మీద సంతకం పెట్టాడు, ఒక్క మాట అనలేదు. అద్దె ఇంటికి వెళ్లాక చాలా నెలలు ఆమెతో అవసరమైనంతే మాట్లాడాడు. తర్వాత ఆమె చెంచుపేటలో మంచి ఫ్లాట్ కొంది. ఆయన అందులో ఆరేళ్లు ఉన్నాడు. చివరిదాకా దాన్ని ఫ్లాట్ అనే అనేవాడు. మన ఇల్లు అంటే ఆ అమ్మేసిన ఇల్లే. ఆయన పోయాక ఒకసారి ఆమె నాతో అంది. "అందరితో గెలిచాననుకుంటారు కోడలా. ఆయన దగ్గర మాత్రం గెలవలేదు. అడక్కుండా అమ్మలేదు. కానీ కాదనలేని పరిస్థితి తెచ్చిపెట్టి అడిగా. అది అడగటం కాదు." ఆమె నాకు నేర్పిన పాఠాల్లో దీన్ని కూడా చేర్చుకున్నాను.

రేపల్లెలో మూడు వేసవులు మెరక తోలించారు. వందల ట్రాక్టర్ల మట్టి. తూము పెద్దది చేయించడానికి మురుగు కాలువల ఆఫీసు చుట్టూ ఆమె ఎన్నిసార్లు తిరిగిందంటే, అక్కడి అటెండరు ఆమె వచ్చే రోజుల్లో ఫ్యాను కింద కుర్చీ వేసి ఉంచేవాడు. అన్నయ్యగారు మొదట్లో అలిగాడు. తర్వాత ఆయనే పొద్దున్నే వచ్చి ట్రాక్టర్లు లెక్కగా పోస్తున్నాయో లేదో చూసేవాడు. మేనత్త చెప్పినట్టే ఒక వానాకాలం అందరూ వచ్చి చూశారు. నీళ్లు నిలవలేదు. అప్పుడు రిజిస్ట్రేషన్లు జరిగాయి. మిగిలిన ప్లాట్ల కోసం మేము ఒక్క ప్రకటన ఇవ్వలేదు. ఆ పంతొమ్మిది మందే అమ్మారు. వద్దని వెళ్లిపోయిన పదకొండు మందిలో నలుగురు తిరిగొచ్చారు.

ఇళ్లు లేచాక ఇంకో ఏడు, ముందుకంటే పెద్ద వాన పడింది. చుట్టూ పొలాలన్నీ ఏకమైపోయాయి. పల్లపు వీధుల్లోంచి జనం మా కాలనీలోకి వచ్చారు. అడవులదీవి ఆవిడ ఇంటి వరండాలో ఇటుకలతో పొయ్యి పెట్టి ఉప్మా చేసి అందరికీ పెట్టారట. ఆ మధ్యాహ్నం మేనత్త తెనాలి ఆఫీసులో ఫోన్ పక్కనే కూర్చుంది. అన్నయ్యగారి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టమంది.

"చెల్లెమ్మా, పద్నాలుగో నంబరు ముందు నడుస్తున్నా. చెప్పులు మునగలేదు" అన్నాడాయన.

"నెమ్మదిగా అనండి అన్నయ్యగారూ. ఇంకా వాన తగ్గలేదు" అంది. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

ఆ తర్వాత ఎండలో స్థలం చూపించడం మానేసింది. కొనేవాళ్లు తొందర పడితే వానాకాలం దాకా ఆగమనేది. వాన పడుతుంటే మిగతా ఆఫీసులు మూసేసేవారు. మా ఆఫీసులో ఆ రోజే పని ఎక్కువ.

పేరొచ్చింది. బాపట్లలో ఒక కాలేజీ వాళ్లు, పిల్లలకి వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఆమె స్టేజీ ఎక్కనంది, పిల్లల మధ్య కుర్చీ వేయించుకుంది. ఒక అమ్మాయి లేచి అడిగింది. "పెట్టుబడి లేకుండా వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి మేడమ్?"

"నీది ఏ ఊరమ్మా?"

"కొల్లిపరండి."

"కొల్లిపరలో ఇప్పుడు ఎవరెవరు ఇల్లు కట్టుకుంటున్నారు?"

ఆ అమ్మాయికి తెలియలేదు. పిల్లలు నవ్వారు. మేనత్త నవ్వలేదు. "ఊరంతా తిరిగి కనుక్కుని నాకు చెప్పు. వాళ్లకి ఏం దొరక్క ఇబ్బంది పడుతున్నారో అది కూడా అడుగు. దానికి పెట్టుబడి అక్కర్లేదు" అని మా ఆఫీసు నంబరు ఇచ్చింది. అది మర్యాదకి అన్న మాట అనుకున్నాం. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసి, ఇరవై ఇళ్ల సంగతి వరసగా చెప్పింది. బాత్రూం టైల్స్ కోసం అందరూ తెనాలి రావాల్సి వస్తోందండి, సగం పగిలిపోతున్నాయండి అంది. ఇప్పుడు కొల్లిపరలో టైల్స్ షాపు నడుపుతోంది. మేనత్త పదకొండో రోజు కర్మకి వచ్చి, వంటవాళ్ల దగ్గర నిలబడి, చివరి పంక్తి దాకా వడ్డించింది.

చివరి రెండేళ్లు మేనత్త ఆఫీసుకి రావడం తగ్గించింది. మోకాళ్లు సహకరించలేదు. నేను రోజూ సాయంత్రం వెళ్లి ఆ రోజు ఎవరొచ్చారో చెప్పేదాన్ని. ఏం అమ్మావు అని ఎప్పుడూ అడగలేదు. "ఎవరొచ్చారు? ఎందుకు కావాలట?" ఇవే అడిగేది. నేను సరిగ్గా చెప్పలేకపోతే, నువ్వే ఎక్కువ మాట్లాడావు కాబట్టి నీకు తెలియలేదు అనేది. పోయేముందు నెలలో ఒకరోజు, కొనాలని వచ్చినవాళ్లని వాళ్ల అవసరానికి సరిపోదని నేను వెనక్కి పంపించిన సంగతి చెప్పాను. విని, "కాఫీ తాగుతావా" అంది. లేవలేక లేవలేక లేచి, వదినని రానివ్వకుండా, తనే కలిపి తెచ్చింది. ఆమె దగ్గర నాకు దొరికిన మెప్పు అంతే. అది చాలా ఎక్కువ అని నాకు తెలుసు.

కర్మకాండలన్నీ అయిపోయాక, మొన్న మొదటిసారి ఒక స్థలం చూపించడానికి వెళ్లాను. చుండూరు రోడ్డులో. సన్నగా తుంపర పడుతోంది. భార్యాభర్తలిద్దరూ స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. ఎవరి పేరునా ఇప్పటిదాకా సెంటు భూమి లేదట. రోడ్డు మీద కారాపి నడిపించుకుంటూ తీసుకెళ్లాను. భర్త హద్దు రాయి నుంచి హద్దు రాయికి అడుగులు వేసి కొలుచుకుంటున్నాడు. ఆవిడ మాత్రం స్థలంలోకి వెళ్లి ఒక మూల ఆగింది. చెప్పులు విడిచేసింది. కాలి మడమతో తడి మట్టిలో ఒక గీత గీసింది, తిరిగి ఇంకో గీత. నాలుగు గీతలయ్యాక మధ్యలోకి వెళ్లి తూర్పు ముఖంగా నిలబడింది. చెయ్యి చాచి, గాల్లో, పొయ్యి మీంచి ఏదో దించుతున్నట్టు దించి పక్కన పెట్టింది.

"వెళ్దామా? తడుస్తున్నావు" అని భర్త కేకేశాడు.

"ఉండండి. కిటికీ ఎక్కడ పెట్టాలో ఇంకా అనుకోలేదు" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.